సమస్యాపూరణం: నూనె చుక్కకు దేవుఁడు నొచ్చి పాఱె

తేటగీతి నాలుగో పాదం ఇచ్చాం. దేవుడు గ్రీకుల ప్రేమదేవుడు ఎరోస్ కావాలి, కథ నేటి కాలపు ఫాంటసీలో నడవాలి. పాత కథలో ఎరోస్ చీకట్లోనే వచ్చేవాడు; భార్య సైకి అతని ముఖం చూడాలని దీపం వెలిగిస్తే నూనె చుక్క అతని మీద పడింది. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి. యతి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది.

పూరణ 1

సైకి దీపము వెలిగించి సడియు లేక
మగని మోమును గాంచుచు మైమఱచెను;
చెయి వడఁకఁ గుడి భుజముపైఁ జింది పడిన
నూనె చుక్కకు దేవుఁడు నొచ్చి పాఱె.

వ్యాఖ్య: నడక హాయిగా ఉంది. కుడి భుజమనే ఈ కథ చెప్పిన 2వ శతాబ్దపు రచయిత అపులేయుస్ కూడా లాటిన్‌లో రాశాడు. అక్కడ సైకి ఎరోస్ కుడికాలు పట్టుకుని గాలిలో వేలాడుతుంది. ఆమె కిందపడ్డాక అతను సైప్రస్ చెట్టు కొనపై వాలి, నిందించి మరీ వెళతాడు. పద్యంలో ఇదంతా పట్టకపోయినా ఫరవాలేదు, కొత్త కాలం జాడ లేకపోవడమే లోటు.

పూరణ 2

ఫోను వెలుతురు ముఖముపైఁ బోయఁగానె
ఱెక్క లగపడెఁ గోటులో దాగి యుండి;
విస్తుపడి యామె నిలిచెను, వేఁడి వేఁడి
నూనె చుక్కకు దేవుఁడు నొచ్చి పాఱె.

వ్యాఖ్య: రెండో పాదంలో ఱె–దా యతి కుదరదు. "దాగి" తీసి "నక్కి" పెట్టండి. ఱెక్క–నక్కి ప్రాసయతి అవుతుంది, గణమూ అర్థమూ మారవు. అసలు లోపం వేరే. ఫోను వెలుతురులో చూస్తే నూనె ఎక్కణ్ణించి వచ్చింది? సమస్యలో చిక్కంతా ఆ చుక్కే. అది ఎలా పుట్టిందో మూడో పాదంలోపు తెలియకపోతే చివరి పాదం అతికించినట్టుంటుంది.

పూరణ 3

బల్బు వెలుఁగున నీడయే పడని వాఁడు
దివ్వె మంటకె యగపడుఁ, దెలియఁ గోరి
యాలి వత్తిని సవరింప నదరి పడిన
నూనె చుక్కకు దేవుఁడు నొచ్చి పాఱె.

వ్యాఖ్య: చాలా బాగుంది! మాయకు ఒక నియమం పెట్టి, విద్యుద్దీపాల ఊళ్ళోకి నూనెదీపాన్ని రప్పించారు. "వత్తిని సవరింప" బదులు "దీపము వంచఁగ" అంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది. అపులేయుస్ నాటి మట్టిదీపానికి నడుమ నూనె పోసే రంధ్రం, ముందుకు చాచిన మూతిలో వత్తి ఉంటాయి. ముఖం చూడాలని వంచితే, మంట పక్కన కాగిన నూనె ఆ మూతి నుంచే జారుతుంది.

ప్రశ్న: గ్రీసులోని థెస్పియా ఊళ్ళో ఎరోస్‌ను చెక్కని రాయిగా కొలిచారని ప్రాచీన గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ఆ రాతిదేవుణ్ణి తీసుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. అయితే రాయికి నూనె పోస్తే అది అభిషేకమవుతుంది, నొప్పి కాదు. మూడో పాదం ముగిసేలోపు ఆ రాతికి చర్మం రావాలి.