టిన్ విజిల్ నేర్చుకోవడానికి పుస్తకమా, రికార్డింగా?

లిఫీగట్టు:
డబ్లిన్ వచ్చి మూడేళ్లు. పోయిన చలికాలం సరదాకి ఒక ఇత్తడి డి విజిల్ (ఐరిష్ వాళ్లు వాయించే చిన్న పిల్లనగ్రోవి, డి శ్రుతిది), పక్కనే ఉంది కదా అని ఒక ఐరిష్ ట్యూన్ పుస్తకం కొన్నా. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నా కాబట్టి నోట్స్ చదవడం పెద్ద కష్టం కాలేదు. 'ది కేష్' అనే జిగ్ (మూడేసి స్వరాల నడకతో సాగే ఐరిష్ నాట్య ట్యూన్) రెండు నెలలు సాధన చేసి, ఒక్క తప్పు లేకుండా వచ్చిందని ధైర్యం తెచ్చుకుని పబ్‌లో సెషన్‌కి, అంటే అందరూ కలిసి కూర్చుని వాయించే చోటికి, వెళ్లి వాయించా. పక్కనున్న ఫిడిల్ పెద్దాయన ఓపిగ్గా చివరిదాకా విని, "బాగుంది, ఏమిటది?" అని అడిగాడు. ఆ పబ్‌లో అది తెలియనివాడు లేడు! ఇప్పుడు చెప్పండి, పుస్తకం పక్కన పెట్టేయాలా? ఏ రికార్డింగులు వినాలి?

చెవికోసుకుంటా:
పెట్టేయండి, అటక మీద. మీ జిగ్ మొదలు మన స్వరాల్లో రాస్తే 'స,, సరిగ | రి,, రిగప' అవుతుంది, వింటుంటే మోహనలా ఉంటుంది కదా. ఆ మొదటి 'స' పుస్తకంలో ఒక్క పొడుగు స్వరం. వాయించేవాళ్లు దాన్ని అలా పట్టుకుని కూర్చోరు. ఊపిరి ఆపకుండానే పైవేలు ఒకటి తటాలున లేపి దించుతారు, ఆ వెంటనే కిందివేలితో రంధ్రం మీద తట్టి తీస్తారు, అదే స్వరం మూడు ముక్కలుగా వినిపిస్తుంది. దాన్నే రోల్ అంటారు. ఇక సమానంగా అచ్చేసిన ఆ మూడేసి స్వరాల్లో మొదటిది కాస్త సాగుతుంది, అది లేకపోతే కాళ్లు కదలవు. ఇదంతా కాగితం మీద ఎక్కడుంది?

వేణువు_నెల్లూరు:
మన వర్ణాల పుస్తకాల్లో మాత్రం గమకాలన్నీ రాసుంటాయా? అలాగని ఎవరైనా పారేశారా? ఉద్యోగం చేసుకుంటూ నలభై ఏళ్లకి మొదలుపెట్టినవాడికి పొద్దున విన్నది సాయంత్రానికి గుర్తుండదు, కాగితం చూస్తేనే చెయ్యి కదులుతుంది. పైగా రికార్డింగులన్నీ సత్యం అనుకోకండి. చాలావాటిలో ఈ-ఫ్లాట్ విజిల్ వాయిస్తారు, మన డి విజిల్‌తో కలవదు, అర స్వరం తేడా. ఈ సంగతి తెలియక నా విజిల్ పాడైపోయిందని వారం రోజులు టెన్షన్ పడ్డా.

చెవికోసుకుంటా:
వర్ణం నేర్పేటప్పుడు మీ ఎదురుగా గురువుగారు కూర్చున్నారండీ! లిఫీగట్టు గారికి ఎవరున్నారు? అసలు ఈ పుస్తకాల పెద్దదిక్కు ఫ్రాన్సిస్ ఓనీల్ కథ చూడండి. షికాగో పోలీసు చీఫ్, 1903లో 1850 ట్యూన్లు అచ్చేశాడు, 1907లో 1001 ట్యూన్లతో ఇంకొకటి. ఆయనకేమో నోటేషన్ రాయడం రాదు. ఆయన వినిపిస్తే జేమ్స్ ఓనీల్ అని అదే ఇంటిపేరున్న ఇంకో పోలీసు రాసిపెట్టాడు. అంటే అంత పుస్తకం వేసినవాడే చెవితో నేర్చినవాడు.

వేణువు_నెల్లూరు:
చెవితో నేర్చినవాడే పుస్తకం అవసరమనుకున్నాడు. నేను చెప్పేదీ అదే.

గాల్వే_గోంగూర:
మీరిద్దరూ కొట్టుకుంటుంటే అడిగినాయన ప్రశ్న గాలికి పోయింది. విజిల్ వాయించే మేరీ బెర్గిన్ 1979 రికార్డు 'ఫదోగ స్టాన్' అందరూ మొదట చెప్పేది. వినండి, కానీ దానితో నేర్చుకోవడం మొదలుపెట్టకండి, ఆ వేగానికి విజిల్ అమ్మేయాలనిపిస్తుంది. డూలిన్ ఊరి విజిల్ వాద్యకారుడు మికో రస్సెల్‌ని వినండి, హంగామా తక్కువ, ట్యూన్ ఎముకలు కనిపిస్తాయి. పుస్తకం కావాలంటే సీడీలతో వచ్చే కోల్తస్ (ఐరిష్ సంప్రదాయ సంగీత సంస్థ) వాళ్ల సెషన్ పుస్తకాలున్నాయి. బ్రెండాన్ బ్రాహ్నఖ్ 1963లో మొదలుపెట్టిన ట్యూన్ సంపుటాలు కూడా మంచివే, కానీ అది తర్వాతి మెట్టు. 'ది సెషన్' సైట్‌లో ఒక్కో ట్యూన్‌కి బోలెడు పాఠాంతరాలుంటాయి, ఎవరైనా ఎక్కించొచ్చు కాబట్టి కింద కామెంట్లు చదవకుండా నమ్మకండి. డబ్లిన్‌లోనే ఉన్నారుగా, అక్కడి సంప్రదాయ సంగీత ఆర్కైవ్ చాలా పాత రికార్డింగులు నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఏది విన్నా వేగం తగ్గించే యాప్‌లో వేగం ముప్పావుకి తగ్గించండి, శ్రుతి మారదు.

లిఫీగట్టు:
ముప్పావు కాదు, సగానికి తగ్గించా. నాలుగు రోజులుగా ట్యూన్‌లో మొదటి రెండు బార్లే (గీతల మధ్య ముక్కలే), మా ఆవిడ వంటింటి తలుపు వేసేసుకుంది. రోల్ ఇప్పుడిప్పుడే ఎక్కిళ్లలా వస్తోంది. ఇంకో చిక్కు. ఆ పెద్దాయన వాయించింది ఫోన్‌లో రికార్డు చేసుకున్నా, రెండో భాగం నా పుస్తకంలా లేదు. ఏది కరెక్టు?

చెవికోసుకుంటా:
ఆయనది.

వేణువు_నెల్లూరు:
ఆ పబ్‌లో వాయించేటప్పుడు ఆయనదే, ఒప్పుకుంటా. తేడా ఎక్కడుందో మాత్రం మీ పుస్తకంలోనే పెన్సిల్‌తో రాసుకోండి.