మొదటి పుస్తకం: సొంత డబ్బుతో వెయ్యి కాపీలు వేయించవచ్చా?

మగ్గం చప్పుడు, బరంపురం

గుంపులో అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురంలో తెలుగు నేత కుటుంబం. పదేళ్లుగా రాసుకున్న కథలు పద్నాలుగు ఉన్నాయి. అన్నీ మా వీధి కథలే. మగ్గం ఆపేసి సూరత్ వెళ్లిపోయిన మగవాళ్లు, వాళ్లు పంపే డబ్బు కోసం చూసే ఆడవాళ్లు, రెండేళ్లకోసారి వచ్చే ఠకురాణి అమ్మవారి యాత్ర. డెమీ సైజులో 160 పేజీలు వస్తుందట. విజయవాడ ప్రెస్సు చెప్పిన రేట్లు: 300 కాపీలకు 25,500, 500కు 36,000, వెయ్యికి 55,000. ఇంకో సంస్థ 65,000 కడితే అచ్చు, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), ఆవిష్కరణ అన్నీ తామే చూసుకుంటామంటోంది. వెయ్యి వేస్తే కాపీ 55కే పడుతుంది కదా అని మా ఆయన అంటున్నారు. చీటీ డబ్బు చేతికొచ్చింది, ఈ నెలలో తేల్చుకోవాలి. ఎన్ని వేయమంటారు?

మహేంద్రతనయ తీరం, పర్లాకిమిడి

అమ్మా, వెయ్యి వద్దు. నా మాట విని ఆగండి.

2009లో, రిటైరైన ఏడాది, నా వ్యాసాలు వెయ్యి కాపీలు వేయించాను. నాకూ ఇదే చెప్పారు, ఎక్కువ వేస్తే కాపీ చవక పడుతుందని. అమ్ముడుపోని కాపీ ఎంతకు పడితే ఏం లాభం? పాతపట్నం దాకా లారీలో వచ్చిన ఇరవై కట్టలు ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. ఆవిష్కరణ రోజు 60 కాపీలు పోయాయి, అందులో డబ్బిచ్చి కొన్నవి 22. రెండు షాపులకు చెరి 75 ఇచ్చాను. ఒకరు మూడేళ్ల తర్వాత లెక్క చెప్పారు, ఇంకొకరు ఈ రోజుకీ చెప్పలేదు. 2018లో తిత్లీ తుపాను రాత్రి పెంకుల్లోంచి నీళ్లు కారి, మంచం కింద మిగిలిన కట్టల్లో సగం తడిసి ముద్దయిపోయాయి. మా ఆవిడ వాటిని ఎండలో ఒక్కొక్కటిగా ఆరబెడుతుంటే చూడలేకపోయాను.

లెక్క చూడండి. ధర 150 పెడితే షాపు కమీషన్ 40 శాతం, అంటే 60 పోతుంది. మీ చేతికి 90. మొదటి పుస్తకం 200 కాపీలు అమ్మితే గొప్ప. 18,000 వస్తుంది. వెయ్యి వేసినవాళ్లకు 37,000 నష్టం, 300 వేసినవాళ్లకు 7,500 నష్టం. 300 దాటకండి.

రాయగడ కొట్టు, రాయగడ

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. మీరు పుస్తకాలు షాపుల్లో పెట్టి ఊరుకున్నారు. నేను ఇరవై రెండేళ్లుగా పుస్తకాలు, పెన్నుల కొట్టు నడుపుతున్నాను. ఎవరూ అడగని సరుకు పైఅరలోనే ఉండిపోతుంది. అడిగేలా చేయడమే అమ్మకం.

షాపుకు 60 రూపాయలు వదులుకునే బదులు చేతిమీద 120కి అమ్మండి. 460 కాపీలు పోతే వెయ్యి కాపీల పెట్టుబడి తిరిగి వచ్చేస్తుంది, మిగతావి లాభమే. బరంపురంలో పెళ్లిళ్లు తక్కువా? గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు స్టీలు డబ్బా ఇచ్చే బదులు మీ పుస్తకం ఇమ్మనండి. మా అక్క కూతురి పెళ్లిలో 150 శతకం పుస్తకాలు పంచాం. ఒక్కటి కూడా హాలులో వదిలేసి వెళ్లలేదు.

మహేంద్రతనయ తీరం

పంచడం వేరు, అమ్మడం వేరు. 460 మంది కొంటారన్నారు. పేర్లు రాయండి. పుస్తకాన్ని 120 రూపాయలు పెట్టి కొనే తెలుగువాళ్ల పేర్లు, బరంపురంలో గానీ రాయగడలో గానీ, వంద చాలు.

ఇచ్ఛాపురం వంతెన

ధర 99 పెట్టండి. వంద దాటితే చెయ్యి వెనక్కి పోతుంది.

కోరాపుట్ కాఫీ

ఐఎస్‌బీఎన్ లేకుండా పుస్తకం వేయకూడదట కదా? నన్ను ఒకాయన దానికే 5,000 అడిగారు.

గుణుపురం రైలు, ప్రస్తుతం విశాఖ

కాఫీ గారూ, ఆ డబ్బు ఇవ్వకండి. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. సొంతంగా వేసుకునే రచయితలూ అడగవచ్చు. అది లేకుండా పుస్తకం వేయడం నేరమేమీ కాదు, కానీ ఆన్‌లైన్ షాపులకు, లైబ్రరీలకు పనికొస్తుంది.

అక్కా, నేను డీటీపీ పని (కంప్యూటరులో పుస్తకం పేజీలు కూర్చడం) చేస్తాను కాబట్టి ఇంకొన్ని చెబుతాను. ఆ 65,000 సంస్థ కాగితం మీద సంతకం పెట్టేముందు ‘హక్కులు’ అన్న మాట ఎక్కడుందో వెతకండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్లు అని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకు అని లెక్క. అందుకే కొందరు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే అచ్చేసి ఉంచుతారు. డబ్బు మీరు పెట్టి, హక్కులు కూడా మీరే ఇచ్చుకోవడం ఎందుకు?

ప్రెస్సు నుంచి అను ఫాంటు (అచ్చుపనిలో వాడే పాతరకం తెలుగు ఫాంటు) ఫైలుతో పాటు యూనికోడ్ (ఏ ఫోనులోనైనా తెరుచుకునే అక్షరాల పద్ధతి) ఫైలు కూడా తీసుకోండి. అను ఫైలు అచ్చుకు బాగుంటుంది గానీ, రేపు ఈబుక్ చేయాలన్నా, ఒక పేజీ వాట్సాప్‌లో పెట్టాలన్నా యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దుకోవాలి, లేదా మళ్లీ టైపు చేయించాలి. నా దగ్గరకు అలా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

పోస్టు సంగతి కూడా చూసుకోండి. 2025 మే 1 నుంచి తపాలా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. మీ పుస్తకం 300 గ్రాముల లోపే తూగేలా కాగితం ఎంచుకుంటే ప్రతి కాపీకీ కలిసివస్తుంది.

మహేంద్రతనయ తీరం

ఫాంట్లు మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. నా పుస్తకంలో అలాగే పోయాయి. ప్రూఫు కాగితం మీద తీసి, రాసినవాళ్లు కాక వేరేవాళ్లు చదవాలి. తప్పులతో అచ్చయిన పుస్తకాన్ని ఎవరూ రెండోసారి తెరవరు.

గుణుపురం రైలు

మాస్టారూ, అది 2009. ఇప్పుడు యూనికోడ్‌లోనే టైపు చేస్తే మార్చే పనే ఉండదు.

మహేంద్రతనయ తీరం

ఏ సంవత్సరమైనా చదివే కళ్లు కావాలి.

అమ్మా, ఇంకో మాట. మీరు గుంపులో పెట్టిన కథ చదివాను. చెయ్యి తిరిగిన రాత. కానీ ‘ఎల్లిపోనాడు’, ‘ఏటి సెప్పమంటావు’ అని కథ మొత్తం రాశారు. విజయవాడ, హైదరాబాదు పాఠకుడు రెండు పేజీలు చదివి పక్కన పెడతాడు. సంభాషణల్లో ఉంచి, కథనాన్ని అందరికీ తెలిసిన తెలుగులోకి మార్చండి. జనవరి మొదట్లో విజయవాడలో, డిసెంబరులో హైదరాబాదులో పుస్తకాల పండగ జరుగుతుంది. కొనేవాళ్లు అక్కడున్నారు.

రాయగడ కొట్టు

ఈ మాట పర్లాకిమిడి నుంచి రావడం నాకు చాలా బాధగా ఉంది మాస్టారూ. గిడుగు వారు మీ ఊళ్లో కూర్చునే కదా జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడింది? సవర గిరిజనుల కోసం వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టింది? ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న దండలు వేస్తాం. మన అమ్మాయి తన వీధి మాటలో రాస్తే మాత్రం మార్చమంటాం.

మహేంద్రతనయ తీరం

గిడుగు పేరు నాకు చెప్పకండి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ఆయన గురించి చెప్పినవాణ్ణి.

1936లో మా ఊరు ఒడిశాలో కలిశాక ఆయన కూడా రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ సంగతి కూడా చెప్పండి. నేను వెళ్లలేదు. ఇక్కడే ఉండి తెలుగు చెప్పాను. చేరినప్పుడు నా తరగతిలో 40 మంది, రిటైరయ్యేనాటికి ఆరుగురు. నా పుస్తకం ఒక సభకు పట్టుకెళితే వేదిక మీది పెద్దమనిషి ‘ఒడిశా నుంచా? మీ తెలుగు బాగానే ఉందే!’ అన్నారు. సభంతా నవ్వింది. ఈ అమ్మాయిని చూసి కూడా నవ్వుతారని నా భయం. మన మాట చెడ్డదని నేను ఎక్కడా అనలేదు. ఇక్కడ చదివేవాళ్లు లేరు, ఉన్నచోటికి పంపుకోవాలి అంటున్నాను. ఇది వెయ్యా, మూడు వందలా అన్న గొడవ కాదు. ఎవరికోసం అచ్చు వేస్తున్నాం?

ఇచ్ఛాపురం వంతెన

మాస్టారూ, నవ్వినవాళ్ల కోసం భాష మార్చుకుంటామా?

మగ్గం చప్పుడు

నేను అడిగింది కాపీల గురించే. కానీ మాస్టారు అడిగినదానికి జవాబు చెప్పకుండా తప్పించుకోలేను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతుంది. బడిలో ఒడియా, ఇంగ్లిషు. తెలుగు అక్షరాలు రావు. పేజీలు ప్రింటు తీసి బల్ల మీద పెడితే తిరగేసి, ‘అమ్మా, ఇందులో నాన్నమ్మ గురించి ఏటి రాసావు, సదివి సెప్పు’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఎవరి గురించి రాశానో వాళ్లలో సగం మందికి తెలుగు చదవడం రాదు. మా అత్తగారికి ఏ చదువూ రాదు, పిల్లలకు ఒడియా మాత్రమే వచ్చు. విజయవాడవాళ్లు చదివి మెచ్చుకుంటే సంతోషమే. కానీ మా వీధి చదవలేని పుస్తకానికి చీటీ డబ్బు పెట్టడమా?

నేర్పించుకోలేదా అని అడుగుతారు. రెండుసార్లు మొదలుపెట్టాను. ట్యూషన్లు, పరీక్షల మధ్య ఆగిపోయింది. తప్పు నాదే.

రాయగడ కొట్టు

చెల్లెమ్మా, అయితే తెలుగు కథనే ఒడియా లిపిలో వేయండి. భాష మారదు, అక్షరం మాత్రమే మారుతుంది. మా కొట్టుకు వచ్చే పిల్లలు సినిమా పాటలు ఒడియా అక్షరాల్లో కాపీ పుస్తకంలో రాసుకోవడం రోజూ చూస్తున్నాను.

మహేంద్రతనయ తీరం

అంత పని మాత్రం చేయకండి. లిపి పోయాక మిగిలేది ఏమిటి? అమ్మాయికి మూడు నెలలు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పండి. నేను ఫోనులో చెబుతాను, డబ్బు అక్కరలేదు.

పైగా అది జరిగే పనేనా? తెలుగులో ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. ఒడియాలో రెండింటికీ ఒకటే అక్షరం. ‘మెడ’, ‘మేడ’ ఒకలాగే రాయాలి. ‘ఆమె మేడ మీద వాలింది’ అన్న వాక్యం ఆ పిల్ల ఎలా చదువుతుంది?

రాయగడ కొట్టు

ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఏది మెడో ఏది మేడో వాక్యమే చెబుతుంది మాస్టారూ. మీ ఆరుగురికే తెలుగు మిగిలిందని మీరు బాధపడుతున్నారు. ఇంట్లో మాట్లాడే వేలమంది మీ లెక్కలోకి రావడం లేదు.

మహేంద్రతనయ తీరం

మాట్లాడేవాళ్లు రెండు తరాలు మాట్లాడతారు, ఆ తర్వాత అదీ ఆగిపోతుంది. అక్షరం వస్తేనే నిలుస్తుంది. ఈ విషయంలో నేను మారను.

కోరాపుట్ కాఫీ

మా పిల్లలదీ ఇదే పరిస్థితి. ఒడియా లిపిలో వేస్తే నాకు రెండు కాపీలు.

గుణుపురం రైలు

అక్కా, నాదొక సలహా. మీ గొంతుతోనే కథలు ఫోనులో రికార్డు చేయండి. ప్రతి కథ మొదట్లో క్యూఆర్ కోడ్ వేస్తే స్కాన్ చేసి వింటారు. మీ అత్తగారు కూడా వినవచ్చు. డీటీపీలో ఆ కోడ్ పెట్టడానికి అదనపు ఖర్చు ఉండదు. ‘ఎల్లిపోనాడు’ అన్నది చెవితో వింటే హైదరాబాదువాళ్లకూ ఇబ్బంది ఉండదు.

లిపి గురించి మాస్టారు చెప్పిన ఎ, ఏ సమస్య నిజమైనదే. దీర్ఘం ఉన్నచోట అక్షరం మీద చిన్న గీత పెట్టి, మొదటి పేజీలో వివరం ఇస్తే సరిపోతుంది. ఫైలు యూనికోడ్‌లో ఉంటే లిపి మార్చడం కంప్యూటరుకు తేలిక, కానీ ఆ తర్వాత మనిషి కూర్చుని ప్రతి పేజీ చూడాలి.

మగ్గం చప్పుడు

రెండు రోజులు ఆలోచించాను. మా ఆయనతోనూ మాట్లాడాను.

ప్యాకేజీ వద్దనుకున్నాం. వాళ్ల కాగితంలో హక్కుల మాట మూడో పేజీలో ఉంది, తమ్ముడు చెప్పినట్టే శాశ్వతంగా అని. తెలుగు పుస్తకం 300 వేయిస్తాను, భాష మార్చను, ప్రతి కథకూ కోడ్ ఉంటుంది. అత్తగారి కథ, యాత్ర కథ, ఈ రెండూ 32 పేజీల చిన్న పుస్తకంగా ఒడియా లిపిలో బరంపురంలోనే వంద కాపీలు వేయిస్తాను. అవి మా వీధిలో నేనే ఇంటింటికీ తీసుకెళ్లి 30 రూపాయలకు అమ్ముతాను. వచ్చే యాత్రకు సూరత్ నుంచి మగవాళ్లు కూడా వస్తారు.

మాస్టారూ, అమ్మాయికి అక్షరాలు చెబుతానన్నారు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు వీలవుతుందా?

మహేంద్రతనయ తీరం

ఆదివారం నాలుగు వద్దు, ఆ వేళ మా దగ్గర కరెంటు ఉండదు. ఐదున్నరకు చేయించండి. తెలుగు పుస్తకం ప్రూఫులు కాగితం మీద తీసి పంపండి, పది రోజుల్లో చూసి ఇస్తాను. ‘ఎల్లిపోనాడు’ జోలికి వెళ్లను. పది కాపీలు డబ్బిచ్చి కొంటాను.

ఒడియా లిపి పుస్తకం నాకు పంపకండి.

రాయగడ కొట్టు

తెలుగువి 40, ఒడియా లిపివి 25 మా కొట్టుకు పంపండి చెల్లెమ్మా. కమీషన్ వద్దు. డబ్బు ముందే వేస్తాను.