వారం రోజులు ఛార్జింగ్ నిలిచే స్మార్ట్‌వాచ్ ఏది తీసుకోమంటారు?

అందరికీ నమస్తే. రోజువారీ వాడకానికి మంచి స్మార్ట్‌వాచ్ చెప్పండి, బడ్జెట్ 10 వేల లోపు. ఇప్పుడున్న వాచ్ పెట్టె మీద ఏడు రోజులని రాసి ఉంది, కానీ బ్లూటూత్ కాల్స్ ఆన్ చేసి, స్క్రీన్ ఎప్పుడూ వెలిగేలా పెడితే రెండో రోజు సాయంత్రానికే ఆగిపోతోంది. ఆ రెండూ తీసేస్తే నాలుగు రోజులు వస్తుంది.

నాకు నెలలో సగం నైట్ డ్యూటీలే. నిద్ర ఎంత పడుతోందో చూసుకోవడానికే ముఖ్యంగా వాచ్ కావాలి, కాబట్టి పడుకునేటప్పుడు తీసి ఛార్జింగ్ పెట్టడం కుదరదు. ఫోన్ ఆండ్రాయిడ్, అందుకని యాపిల్ వాచ్ మాట వద్దు. అమేజ్‌ఫిట్ బిప్ 6కి కంపెనీ 14 రోజులు అంటోంది, కానీ అది మామూలు వాడకం లెక్క. రోజూ ఓ అరగంట జీపీఎస్‌తో నడిచి, గుండె వేగం, నిద్ర రెండూ ఆన్‌లో ఉంచితే నిజంగా ఎన్ని రోజులు వస్తోంది? గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 ఎండలో కూడా చక్కగా కనిపిస్తుంది, బ్యాటరీ కూడా బాగుంటుంది, కానీ నా బడ్జెట్ దాటిపోతుంది, అందులో కాల్ మాట్లాడటం కూడా ఉండదు.

ఇంకో ముఖ్యమైన విషయం. అమ్మ వాట్సాప్‌లో తెలుగులోనే రాస్తుంది, నా వాచ్‌లో అవన్నీ డబ్బాలు డబ్బాలుగా కనబడుతున్నాయి. డ్యూటీలో ఫోన్ తీయలేను, ఏం రాసిందో తెలియక ఒకటే టెన్షన్. తెలుగు మెసేజ్‌లు ఒత్తులతో సహా సరిగ్గా చూపించే వాచ్ మీ దగ్గరుంటే మోడల్ పేరు చెప్పండి. కనీసం ఆరు నెలలు వాడినవాళ్లు చెబితే ఇంకా మంచిది, కొత్తలో ఏ బ్యాటరీ అయినా బాగానే ఉంటుంది కదా.