జీపీఆర్55ను ‘సీబీ3’ అని పిలవవచ్చునా?

బ్రాడీపేట విద్యార్థి:
మా ఫార్మకాలజీ నోట్సులో గంజాయి పదార్థాలకు స్పందించే సీబీ1, సీబీ2 గ్రాహకాల (కణం మీద రసాయన సంకేతాలను అందుకునే ప్రోటీన్ల) కింద జీపీఆర్55ను ‘సీబీ3’ అని రాశారు. పరీక్షలోనూ అలాగే రాయవచ్చునా అన్నది నా సందేహం. గంజాయిలోని టీహెచ్‌సీకి, మన శరీరంలో తయారయ్యే ఆనందమైడ్‌కు ఈ గ్రాహకం స్పందిస్తుందని 2007లో ఆస్ట్రాజెనెకా పరిశోధకులు ప్రకటించారు కదా, అది చాలదా?

గవర్నర్‌పేట మాస్టారు:
చాలదనే నా అభిప్రాయం. కణ ఉపరితలం మీది ఈ గ్రాహకాన్ని లైసోఫాస్ఫాటిడిల్ ఇనోసిటాల్ అనే కొవ్వు పదార్థం ఉత్తేజపరుస్తుందని అదే 2007లో జపాన్ పరిశోధకులు చూపారు. ఆ ఫలితం తరువాత వేర్వేరు ప్రయోగశాలలలోనూ నిలబడగా, టీహెచ్‌సీ, ఆనందమైడ్‌ల ఫలితం మాత్రం ఒక పరీక్షలో కనబడి మరొక పరీక్షలో కనబడకుండా పోయింది. పైగా అమైనో ఆమ్లాల వరుసలో సీబీ1తో గాని, సీబీ2తో గాని దీనికి 15 శాతం పోలికైనా లేదు. ఆ రెండూ ప్రధానంగా కణం లోపలికి సంకేతం చేరవేసే జీఐ ప్రోటీన్ ద్వారా పనిచేస్తే, ఇది జీ13 అనే మరో ప్రోటీన్ ద్వారా రోఏ అనే ప్రోటీన్‌ను మేల్కొలిపి కణంలో కాల్షియం పెంచుతుంది.

అరండల్‌పేట ఫార్మసిస్టు:
మాస్టారూ, వంశవృక్షం చూసి పేరు పెట్టడం సరే, మందు ఎక్కడ పనిచేస్తుందో చూడనక్కరలేదా? సీబీ1ను అడ్డుకునే రిమోనాబాంట్ అనే మందు దీనిని ఉత్తేజపరుస్తుంది. గంజాయిలోని కన్నాబిడయాల్ దీనిని అడ్డుకుంటుంది. ఈ జన్యువు తొలగించిన మగ ఎలుకలలో ఎముకను కరిగించే కణాల పని మందగించి ఎముక పరిమాణం పెరిగిందని 2009లో తేలింది. 2018లో అమెరికాలో కొన్ని అరుదైన మూర్ఛలకు అనుమతి పొందిన కన్నాబిడయాల్ పనితీరును వివరించేటప్పుడు కూడా ఈ గ్రాహకం ప్రస్తావన వస్తూనే ఉంది. అటువంటి దానిని ఆ కుటుంబం వెలుపల నిలబెడితే విద్యార్థులు దానిని చదవడమే మానేస్తారు.

గవర్నర్‌పేట మాస్టారు:
చదవవద్దని నేననలేదండీ. మీ ఊరి మిర్చి యార్డులో దగ్గు తెప్పించే కాప్సైసిన్ నరాలలోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మీద పనిచేస్తుంది. ఆనందమైడ్ కూడా దానిని తెరుస్తుంది. అంతమాత్రాన టీఆర్‌పీవీ1ను సీబీ4 అందామా? (ఆనందమైడ్ పేరు మన ‘ఆనందం’ నుంచే వచ్చింది గనుక ఆ అణువు మీద మమకారం నాకూ ఉంది.) మందు తగిలినంత మాత్రాన పేరు మారదు, శరీరం స్వయంగా తయారుచేసుకునే ఏ పదార్థానికి అది నిలకడగా స్పందిస్తుందో చూడాలి. ఔషధశాస్త్ర అంతర్జాతీయ సంఘం కూడా 2010 నాటి సమీక్షలో దీనికి సీబీ3 అన్న పేరు ఇవ్వలేదు. అయితే ఎముకల సంగతిలో ఫార్మసిస్టు గారి మాటను నేను కాదనను, దాని ప్రాధాన్యాన్ని నేనే తక్కువగా చెప్పాను.

బ్రాడీపేట విద్యార్థి:
అయితే పరీక్షలో జీపీఆర్55 అనే రాసి, ప్రధాన ఉత్తేజకం లైసోఫాస్ఫాటిడిల్ ఇనోసిటాల్ అని, కన్నాబిడయాల్ దానిని అడ్డుకుంటుందని పక్కన చేరుస్తాను. నోట్సులో సీబీ3 అన్న చోట ఇప్పటికే ప్రశ్నార్థకం పెట్టాను.