అప్‌డేట్: బుకింగ్ సొమ్ము తిరిగొచ్చింది

కావలి నుంచి వెళ్ళి ఒంగోలులో కారుకు 25,000 కట్టాను. బ్యాంకు అప్పు ఇవ్వలేదు, షోరూం సొమ్ము ఇవ్వనంది. అదీ ఇక్కడ మునుపు నేను రాసిన గోడు.

అప్పుడు మీరిచ్చిన సలహా విని రసీదు తిప్పి వెనకవైపు చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో, అప్పు మంజూరు కాకపోతే వెయ్యి మినహాయించి మిగతాది ఇస్తామని వారే అచ్చు వేసుకున్నారు!

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే, అంటే నెల్లూరు వినియోగదారుల కమిషన్‌లోనే, కేసు వేయవచ్చట. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. ఈ సంగతి షోరూంకు రాతపూర్వకంగా తెలిపాను.

పన్నెండో రోజున 24,000 ఖాతాలో పడింది. “ముందే అడగాల్సింది సార్” అన్నాడు మేనేజరు. నాలుగుసార్లు బస్సెక్కి వెళ్ళి నేను అడిగింది మరెవరినో!