రాత్రి లెన్సులు వాడుతున్న మా అమ్మాయికి దీపాల చుట్టూ వలయాలు: లెన్స్ మారిస్తే తగ్గుతాయా?

మా అమ్మాయికి 11 ఏళ్లు. రెండు కళ్లకూ మైనస్ 3.25 సైటు ఉండటంతో నాలుగు నెలలుగా నిద్రలో కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) ఆకారాన్ని మార్చే ఆర్థో-కె లెన్సులను రాత్రికి ఎనిమిదిన్నర గంటలపాటు పెడుతున్నాము. హాంకాంగ్‌లో జరిగి 2012లో వెలువడిన రోమియో అధ్యయనంలో ఇవి వాడిన పిల్లలకు రెండేళ్లలో కంటి పొడవు (ఇది పెరిగేకొద్దీ మైనస్ సైటు పెరుగుతుంది) పెరుగుదల 43 శాతం తక్కువగా ఉన్నదని చదివిన తర్వాతే ఈ నిర్ణయం తీసుకున్నాము.

ఉదయం లెన్సులు తీశాక చూపు స్పష్టంగానే ఉంటుంది. కానీ సాయంత్రం 5 గంటలకల్లా కుడి కంటికి అక్షరాలు మసకబారుతున్నాయి, చీకటి పడ్డాక దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. నొప్పి, ఎరుపు, నీరు కారడం లేవు. అవి ఏమాత్రం ఉన్నా లెన్స్ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లేవాళ్లమే.

నిద్ర సమయాన్ని గంట పెంచాము, పెట్టేముందు తేమ చుక్కలు వేశాము, కొత్త జత కూడా తెప్పించాము. కుళాయి నీటిని లెన్సులకు ఎప్పుడూ తగలనివ్వలేదు. గత వారం పరీక్షలో కార్నియాకు గాయాలేమీ లేవని, అయితే టోపోగ్రఫీలో (కార్నియా ఆకారాన్ని పటంలా చూపే పరీక్ష) కుడి కంటిలో లెన్స్ వల్ల చదునైన భాగం మధ్యలో కాకుండా కణత వైపు జరిగిందని డాక్టరు చెప్పారు. లెన్స్ డిజైను మార్చి చూద్దామంటున్నారు. చీకట్లో మెట్లు దిగడానికి పాప సంకోచిస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాము.

ఇలా పక్కకు జరిగిన సందర్భంలో డిజైను మార్చిన తర్వాత మీ పిల్లలకు ఆ వలయాలు తగ్గాయా, తగ్గితే ఎన్ని వారాలు పట్టింది?