టేకు పనికి 3018 సీఎన్‌సీ రౌటర్ చాలా, 6040 కావాల్నా?

ప్రశ్న (హన్మకొండ): ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మిషన్) పెడదామనుకుంటున్న. టేకు మీద నేమ్ బోర్డులు, దేవుడి గది తలుపులకు చెక్కుడు, అప్పుడప్పుడు ఇత్తడి రేకు మీద పేర్లు. 3018 సరిపోతదా?

జవాబు: 3018 అంటే పని చేసే జాగ 300 × 180 మిల్లీమీటర్లే. తలుపు పలక అందులో పట్టదన్నా. దాని 775 మోటారు ఇత్తడి మీద సన్నగా గీస్తది గని, టేకులో ఒక్కసారికి అర మిల్లీమీటరు దిగితేనే మూలుగుతది. మీ పనికి 6040 (600 × 400 మి.మీ. జాగ) తీసుకోండి. అయితే పేరు చూసి కొనకండి. తక్కువ ధర 6040లలో రెండు కొసల మీదే ఆగిన గుండ్రని కడ్డీలుంటయి, నడుమ వంగుతయి. హెచ్‌జీఆర్15 రైళ్లు (మిషన్ జారే చదరపు పట్టాలు), 1605 బాల్ స్క్రూలు (దాన్ని నడిపే మరల కడ్డీలు), కనీసం 800 వాట్ల స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు) ఉండాలె.

టేకు మాడుతున్నదంటే చాలామంది ఫీడ్, అంటే బిట్టు ముందుకు నడిచే స్పీడు, తగ్గిస్తరు. అదే తప్పు. బిట్టు కోయకుండ రుద్దుతుంటది కాబట్టే మాడుతది. ఫీడ్ లెక్క ఇది: ఆర్‌పీఎం (నిమిషానికి బిట్టు తిరిగే చుట్లు) × బిట్టు అంచులు × ఒక్కో అంచు కోత (మి.మీ.). 3 మి.మీ. రెండంచుల బిట్టుకు 12000 × 2 × 0.05 = నిమిషానికి 1200 మి.మీ. లోతు ఒక్కసారికి 1.5 మి.మీ. టేకులో సిలికా ఉంటది, హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టు తొందరగా మొండిదైతది, కార్బైడ్‌దే వాడండి.

మరో జవాబు: మిషన్ పెట్టినంక పని నడుమ యూఎస్‌బీ కనెక్షన్ తెగిపోవడం, లిమిట్ స్విచ్‌లు (కొసల దగ్గర మిషన్‌ను ఆపేవి) ఉత్తగనే కొట్టడం ఎక్కువగా వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని నడిపే డబ్బా) కరెంటు నాయిస్ వల్లనే. స్పిండిల్‌కు షీల్డు కేబుల్ వేసి, ఆ షీల్డును ఎర్తుకు కలపండి. సిగ్నల్ వైర్లను దానికి దూరంగ తీయండి. ముందైతే షెడ్డుకు మంచి ఎర్తింగ్ చేయించండి.

ఇత్తడి రేకు ఎంత చదునుగ కనబడ్డా అక్కడక్కడ లేచి ఉంటది. డబుల్ సైడ్ టేపుతో అంతటా అంటించి, ప్రోబ్‌తో హైట్ మ్యాప్ (రేకు ఎక్కడెక్కడ ఎంత ఎత్తుందో కొలత) తీసినంకనే 0.2 మి.మీ. లోతుకు వీ-బిట్టు దింపండి. లేకుంటే ఒక అక్షరం లావు, ఒకటి సన్నం వస్తది. పెంబర్తి ఇత్తడి పని లెక్క బొమ్మ ఉబ్బి రావాలంటే మాత్రం దీనితో కాదు, అది సుత్తె పనే.

ప్రశ్న: డబ్బులిచ్చే ముందు షాపులోనే ఏం చూడాలె?

జవాబు: డయల్ గేజ్ (సన్న కదలికను ముల్లుతో చూపే కొలత పనిముట్టు) పట్టుకపోండి. మిషన్ ఆన్ చేయించి, మోటార్లు లాక్ అయినంక గేజ్ మొనను స్పిండిల్ కింది కొసకు ఆనించి, గ్యాంట్రీని (స్పిండిల్‌ను మోసే అడ్డ దూలాన్ని) చేత్తో గట్టిగ నెట్టండి. ముల్లు 0.2 మి.మీ. దాటి కదిలినా, చెయ్యి తీసినంక వెనక్కి సున్నాకు రాకున్నా ఆ మిషన్ వద్దు.